స్టూడెంట్సే లేని కాలేజీ ఏంటండీ బాబూ?

గోదారిగట్టు: మొన్న మా చెల్లి వాళ్ళతో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాను. రాడ్‌క్లిఫ్ కెమెరా అనే గుండ్రటి లైబ్రరీ భవనం ఎదురుగా ఒక ఇనప గేటు ఉంటుంది, ఆ ఊచల్లోంచి తొంగి చూస్తే జంట గోపురాలు, దువ్వినట్టున్న పచ్చగడ్డి, మనిషన్నవాడు లేడు. ఆల్ సోల్స్ కాలేజీ అట. ఇటు హై స్ట్రీట్ వైపుకొచ్చి గుమ్మం దగ్గరాయన్ని ఇక్కడ ఏ డిగ్రీలున్నాయండీ అంటే, మాకు స్టూడెంట్స్ ఉండరమ్మా అని నవ్వాడు. నిజమా, నన్ను ఆటపట్టించాడా? మన రాధాకృష్ణన్ గారు చదివింది ఇక్కడే కదా?

వాల్తేరు వాసి: నిజమేనండీ, డిగ్రీ పిల్లలు ఉండరు, అందరూ ఫెలోలే, అంటే కాలేజీ ఎంచుకున్న పండితులూ పరిశోధకులూ. 1438లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ, ఆర్చిబిషప్ చిచెలే కలిసి పెట్టారు, ఫ్రాన్స్‌తో నూరేళ్ళ యుద్ధంలో పోయినవాళ్ళ ఆత్మలకి ప్రార్థనలు చెయ్యడం కూడా అప్పట్లో వీళ్ళ పనే, ఆల్ సోల్స్ (అన్ని ఆత్మలు) అన్న పేరు అందుకే. రాధాకృష్ణన్ గారు అక్కడ చదవలేదు, చదువు చెప్పారు. మా ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 36 దాకా వీసీగా చేసి, అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్‌లో తూర్పు దేశాల మతాలు, నీతిశాస్త్రం చెప్పే స్పాల్డింగ్ ప్రొఫెసర్‌గా వెళ్ళారు, ఆల్ సోల్స్ ఫెలో అయ్యారు. ఆయన కాలేజీ చదువంతా వెల్లూరు, మద్రాసుల్లోనే, ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా వాట్సాప్‌లో మళ్ళీ అదే తిరుగుతుంది.

చింతచిగురు: అక్కడ ఫెలో కావడానికి రాసే పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదేం? 2010 దాకా ఒక పేపర్లో ఒకే ఒక్క మాట ఇచ్చేవారు, ఉదాహరణకి "నీళ్ళు", ఇక మూడు గంటలు దాని మీద వ్యాసం రాయాలి. మనకైతే మార్కులు ఎలా వేస్తారో అన్న బెంగతోనే గంట గడిచిపోతుంది 😄 ఇంకోటి, పునాదులు తవ్వుతుంటే పెద్ద బాతు ఎగిరిపోయిందని ఓ కథ, దాన్ని వెతుకుతూ నూరేళ్ళకోసారి రాత్రిపూట కాగడాలు పట్టుకుని పాడుకుంటూ తిరుగుతారు ఈ మేధావులంతా. కిందటిసారి 2001, మళ్ళీ 2101లోనే.

పాతపుస్తకం: బాతు సరే, డబ్బు సంగతి కూడా చెప్పండి. ఆ గోపురాల పక్కనున్న పేద్ద లైబ్రరీ కాడ్రింగ్టన్ అనే ఆయన వదిలిన పదివేల పౌండ్లతో కట్టింది, ఆయన ఆస్తి బార్బడోస్‌లో బానిసల చేత చేయించిన చెరకు సాగు. 2020లో ఆయన పేరైతే తీసేశారు గానీ విగ్రహం మాత్రం లోపల నడిమధ్యలో అలాగే ఉంది.

గోదారిగట్టు: అయ్యో, ఆ గుమ్మం దగ్గరాయన నిజమే చెప్పాడన్నమాట, నేనే మూతి ముడుచుకుని వచ్చేశా. ఆ చెరకు సంగతి ముందే తెలిస్తే గేటు దగ్గరే మా చెల్లి కూతురికి చెప్పేదాన్ని, అది చదివేది హిస్టరీయే.