పొమరేనియన్‌కి ఎండాకాలం గుండు కొట్టించొచ్చా?

బుజ్జిగాడి అమ్మ, విజయవాడ:
మా బుజ్జిగాడు నాలుగేళ్ళ తెల్ల పొమరేనియన్. నిరుడు ఏప్రిల్లో ఎండకి ఒగురుస్తుంటే చూడలేక, షాపుకి తీసుకెళ్ళి ఒళ్ళంతా మిషన్ పెట్టించేశాం. తల మీదా కాళ్ళ మీదా బొచ్చు వచ్చేసింది. వీపు, తొడల మీద ఇప్పటికీ రాలేదు, పైగా చర్మం నల్లబడుతోంది. ఇంకోసారి గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందంటారు మావారు. నాకు మనసొప్పడం లేదు. పక్కింటి పిన్నిగారు ఉల్లిరసం రాయమన్నారు. ఏం చెయ్యమంటారు?

కరీంనగర్ టామీ:
అక్కా, బావ చెప్పిందే కరెక్టు. మా ల్హాసాకు ఏటా ఎండకాలం కొట్టిస్తం. రెండు మూడు నెలలల్ల మళ్ల నిండుగ వస్తది. గోమార్లు గూడ కనవడ్తయ్, ఏరుడు అల్కగైతది. 44 డిగ్రీల ఎండల గంత బొచ్చుతోని ఎట్లుంటది చెప్పు పానం?

పాత కెన్నెల్ మనిషి:
తమ్ముడూ, మీ ల్హాసా సంగతి వేరు. దాని వెంట్రుక మన తలజుట్టులా పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించాల్సిందే. పొమరేనియన్, హస్కీ, చౌచౌలకి రెండు పొరలు: లోపల దూదిలాంటి నూగు, పైన బిరుసు వెంట్రుక. అది ఒక పొడవుకి వచ్చి ఆగిపోతుంది. తర్వాత వెంట్రుక కుదురు నెలల తరబడి నిద్రలోనే ఉంటుంది. అప్పుడు చర్మం దాకా గీసేస్తే కొన్ని కుక్కలకి తిరిగి రావడానికి ఆర్నెల్ల నుంచి రెండేళ్ళు పడుతుంది. కొన్నిటికి మునుపటిలా రాదు కూడా. కుదురుండేది చర్మం లోపల. మిషన్ పైపైన పోతుంది, ఎన్నిసార్లు గీసినా ఒత్తు పెరగదు.

ఇక వేడంటారా, కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. ఒగర్చే చల్లబడుతుంది. పై బొచ్చు ఎండని చర్మానికి తగలనివ్వదు. ఊడిన నూగు లోపలే చిక్కుకుంటే గాలి ఆడదు, అదీ అసలు ఇబ్బంది. పాయలు విడదీసి, చర్మం కనిపించేలా కింది నుంచి దువ్వండి.

ఉల్లిరసం వద్దే వద్దమ్మా! రాసింది నాకేస్తాడు. ఉల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని పగలగొడుతుంది.

దురద, పొక్కులు ఉంటే గజ్జో తామరో అయ్యిందేమో డాక్టరుకి చూపించాలి. దురద లేకుండా రెండు పక్కలా ఒకేలా పోతే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. తిండి ఏం పెడుతున్నారు?

వీధికుక్కల అక్క:
అసలు గుండే వద్దంటే నేనొప్పుకోను. వానాకాలంలో ఒక పొమరేనియన్‌ని ఎవరో మా వీధిలో వదిలేసి పోయారు. బొచ్చంతా జడలు కట్టి చాపలా అయింది, దువ్వెన కాదు కదా వేలు దూరలేదు. డాక్టరు గీస్తే కింద చర్మం చీమిడిలా తడిగా ఉంది, తోక దగ్గర పురుగులు. గీయకపోతే బతికేది కాదు.

పాత కెన్నెల్ మనిషి:
నిజమే అక్కా, అక్కడ గీయాల్సిందే, అది వైద్యం. ఎండ పేరు చెప్పి కొట్టించే గుండునే నేను వద్దంటున్నాను.

బుజ్జిగాడి అమ్మ, విజయవాడ:
దురద లేదండీ. పెట్టేది పెరుగన్నం, ఆదివారం కాస్త చికెన్.

పాత కెన్నెల్ మనిషి:
అది చాలదమ్మా. వెంట్రుకంటేనే ప్రోటీన్. తినే ప్రోటీన్లో పెద్ద వాటా చర్మానికీ బొచ్చుకే పోతుంది. అన్నం తగ్గించి రోజూ చికెన్, ఉడికిన గుడ్డు పెట్టండి. పచ్చి తెల్లసొన రోజూ పెడితే బయోటిన్ అనే విటమిన్ ఒంటికి పట్టదు. మన షాంపూ పొయ్యకండి, కుక్క చర్మానికి అది పడదు.

బుజ్జిగాడి అమ్మ, విజయవాడ:
ఒకటి చెప్పడం మర్చిపోయాను. మొన్న సంక్రాంతి ముందు డాక్టరుగారు పరీక్షకని వీపు మీద చర్మం గీకారు. సరిగ్గా అక్కడే, రూపాయి బిళ్ళంత మేర తెల్లగా కుచ్చు మొలిచింది. చుట్టూ ఏమీ లేదు.

పాత కెన్నెల్ మనిషి:
మంచి మాట చెప్పారు! ఇలాంటి కుక్కల్లో దెబ్బ తగిలిన చోట నిద్రపోయిన కుదుళ్ళు లేస్తాయి. అంటే చచ్చిపోలేదు. మీరు మాత్రం ఎక్కడా గీకకండి, ఆ కుచ్చు డాక్టరుకి చూపించండి.

బుజ్జిగాడి అమ్మ, విజయవాడ:
రేపే రక్తపరీక్షకి తీసుకెళ్తున్నాం. ఇదంతా చదివి మావారే బండి తీస్తానన్నారు.