అప్‌డేట్: కుక్కల భయానికి చివరికి ఏది పనిచేసింది

కుక్క కరిచిన నాటినుంచి దూరాన మొరుగు వినిపించినా గుండె దడదడలాడుతోందని, ఏం చేయాలని నేను అడిగిన ప్రశ్నకు ఇది ముగింపు. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీలో ఒకరు సూచించినట్లు, భయాన్ని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడమే పనిచేసింది. క్లినికల్ సైకాలజిస్టు వివరించిన ప్రకారం, భయాన్ని పుట్టించింది కాటే అయినా దాన్ని ఇన్నాళ్లూ బతికించింది నేను తప్పించుకు తిరగడమే: కుక్కను చూసి దారి మార్చుకున్న ప్రతిసారీ కలిగే ఉపశమనం ఆ అలవాటుకు బహుమతిలా పనిచేసి, ఏ ప్రమాదమూ జరగదని నేర్చుకునే అవకాశాన్ని నాకు దక్కనీయలేదు. అందుకే ఫొటోలతో మొదలుపెట్టి, తర్వాత కట్టేసి ఉన్న పెంపుడు కుక్కకు దూరంగా నిలబడి, దడ తగ్గాకే ఒక్కో అడుగు ముందుకు వేశాను. 1924లో అమెరికన్ సైకాలజిస్టు మేరీ కవర్ జోన్స్ కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చిన పద్ధతి దీనికి పూర్వరూపం.

చేతిలో గొడుగు ఉంచుకోమని ఇక్కడ వచ్చిన సలహా మాత్రం (అప్పట్లో నాకూ తెలివైన ఉపాయమనిపించింది) బెడిసికొట్టింది. ఏమీ జరగకపోవడానికి కారణం గొడుగేనని మనసు నమ్మేసింది. భయానికి మూలాలు బాల్యంలో వెతకమన్న సలహా అవసరమే రాలేదు.

పాత భయం చెరిగిపోదని, దానిపై కొత్త పాఠం పరుచుకుంటుందని నా సైకాలజిస్టు ముందే చెప్పారు. నిజంగానే రెండు నెలల విరామం తర్వాత దడ తిరిగి వచ్చింది. రెండుసార్లు సాధన చేయగానే తగ్గింది.