డాట్ ఏఐ పేర్లు: అట్టిపెట్టుకోవాలా, సైట్లు కట్టాలా, వదిలేయాలా?

నిజాంపేట_నెట్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. 2024లో డాట్ ఏఐ (.ai) అనే తోక, అంటే ఎక్స్‌టెన్షన్, ఉన్న 22 డొమైన్లు, అంటే వెబ్‌సైట్ పేర్లు, కొన్నాను. ఇందులో ఏడాదికని కొనడం కుదరదు, రెండేళ్లకు కట్టాల్సిందే. అందుకే రెన్యువల్ అంతా ఇప్పుడు ఒక్కసారే మీద పడింది. మా రిజిస్ట్రార్ (ఈ పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర జీఎస్టీతో కలిపి పేరుకు 14 వేలు, మొత్తం 3 లక్షల 8 వేలు. పాప స్కూలు ఫీజు కట్టాల్సిన నెలలోనే ఇంత డబ్బు వీటికా అని ఇంట్లో అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు.

ఇన్నాళ్లలో పేరు కొంటామంటూ వచ్చినవి రెండే ఎంక్వైరీలు. ఒకాయన 200 డాలర్లు ఇస్తానన్నాడు. ఇంకొకరు ధర అడిగి మళ్లీ పలకలేదు.

అయినా అన్నీ ఉంచుకోవాలనే నా అభిప్రాయం. 2022లో లక్షన్నరలోపు ఉన్న డాట్ ఏఐ పేర్లు 2023 ముగిసేసరికి మూడున్నర లక్షలు దాటాయి. అదే ఏడాది యూ డాట్ ఏఐ (you.ai) అనే పేరు 7 లక్షల డాలర్లకు పోయింది. ఇంత ఊపు మీదున్న ఎక్స్‌టెన్షన్‌ను రెండేళ్లకే వదులుకోవడం తొందరపాటు కాదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తెనాలి_పాతకాపు

బాబూ, నేను 2006లో ఫోన్ సైట్ల కోసమని తెచ్చిన డాట్ మొబీ పేర్లు కొన్నవాణ్ణి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

అప్పుడు కూడా ఇదే మాట: "రేపటి ప్రపంచమంతా ఫోన్లోనే, మొబీ లేనివాడు వెనకబడ్డట్టే." దాని వెనుక నోకియా, మైక్రోసాఫ్ట్, వోడాఫోన్ లాంటి పెద్ద కంపెనీలున్నాయి. ఆ ఏడాదే అమెరికాలో వేలంలో ఫ్లవర్స్ డాట్ మొబీ 2 లక్షల డాలర్లకు పోయింది. ఆ వార్త చదివాకే నేను 30 పేర్లు కొన్నాను.

మరుసటి ఏడాది ఐఫోన్ వచ్చింది. మామూలు సైటే ఫోన్లో తెరుచుకోవడం మొదలైంది. ఫోన్ కోసం వేరే పేరెందుకు? ఆ ఫ్లవర్స్ పేరు తర్వాత చేతులు మారినప్పుడు మొదటి ధరలో నూటికి ఐదు వంతులు కూడా రాలేదు. నా 30 పేర్లలో ఒక్కటీ అమ్ముడవలేదు. ఆరేళ్లు కట్టి వదిలేశాను.

ఒక్కటి గమనించు. జోస్యం తప్పలేదు, ప్రపంచమంతా నిజంగానే ఫోన్లోకి వచ్చింది. అలా వచ్చినందువల్లే మొబీ అవసరం పోయింది. రేపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఏఐ ఉన్నప్పుడు, మాది ఏఐ అని పేరులో ఎవరు చెప్పుకుంటారు? కరెంటుతో నడిచే మిల్లు అని ఇప్పుడెవరైనా బోర్డు పెడుతున్నారా?

ఓరుగల్లు_కోడ్

పెద్దాయనా, మొబీ ముచ్చట నిజమే గని రెండూ ఒక్క తీరు కాదు. మొబీని కంపెనీలు పైనుంచి రుద్దినయ్. డాట్ ఏఐని ఎవ్వలు రుద్దలే. అది కరీబియన్ సముద్రంల ఆంగ్విల్లా అనే బుల్లి దీవి దేశకోడ్. మనకు డాట్ ఇన్ ఎట్లనో వాళ్లకు ఇది అట్ల. 1995 నుంచి ఉన్నది. 2022 నవంబరుల చాట్‌జీపీటీ వచ్చినంక జనమే ఎగబడి కొన్నరు. 16 వేల లోపు జనాభా ఉన్న దీవికి 2023ల ఈ పేర్ల మీద 3 కోట్ల 20 లక్షల డాలర్ల దాక వచ్చినయట, సర్కారు ఆదాయంల అయిదో వంతు కన్న ఎక్కువ. పర్‌ప్లెక్సిటీ, క్యారెక్టర్ లాంటి ఏఐ కంపెనీలు దీని మీదనే నడుస్తున్నయ్. మొబీల గిట్లాంటి కంపెనీ ఒక్కటన్న ఉండెనా?

నేను జెప్పేది వేరే. పేరు కొని పార్కింగ్ పేజీ (అమ్మకానికుందని చెప్పే ఉత్త పేజీ) పెట్టి కూసుంటె ఏం రాదు. సైటు కట్టాలె. నా దగ్గర ఆరు పేర్లుండె, అయిదు ఇడిచిపెట్టిన. మిగిలినదాని మీద కొనుగోలు బిల్లు ఫొటో తీసి పెడితె జీఎస్టీ వివరాలు తీసిచ్చే టూల్ కట్టిన. 14 నెలలాయె. ఇయ్యాల 40 దుకాణాలోళ్లు నెలకు 300 చొప్పున కడుతున్నరు. పేరుకు 1,500 డాలర్లు ఇస్తమని ఒకలు అడిగితె ఇయ్యలే.

లెక్కల_లక్ష్మి

నేను అకౌంటెంట్‌ని. నిజాంపేట గారి ప్రశ్న డబ్బు గురించి కాబట్టి లెక్కే చెప్తాను.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది: మంచి పేర్లే ఉన్నా నూటికి ఒకటో రెండో ఏడాదికి అమ్ముడవుతాయి. డాట్ ఏఐ పేరు ఏడాదికి 7 వేలు. నూరు పేర్లకు 7 లక్షలు. ఒక్కటి అమ్ముడైతే అది 7 లక్షలకు పోతేనే మీరు గట్టున పడినట్టు. రెండు అమ్మినా ఒక్కొక్కటి మూడున్నర లక్షలకు పోవాలి. అదే డాట్ కామ్ అయితే ఏడాదికి సుమారు 1,300. నూరు పేర్లకు లక్షా 30 వేలు.

మీవి 22 పేర్లు. ఏడాదికి లక్షా 54 వేలు. నూటికి ఒకటి లెక్కన మొదటి అమ్మకానికి నాలుగున్నరేళ్లు. రెండు లెక్కనైతే రెండేళ్లకు పైనే. మీకొచ్చిన ఆఫరు 200 డాలర్లు. ఈ ఖర్చునూ ఆ ఆఫరునూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. యూ డాట్ ఏఐ ధర మీ లెక్కలోకి రాదు. అది ఇంగ్లీషులో మూడే అక్షరాల మాట.

నిజాంపేట_నెట్

లక్ష్మి గారూ, లెక్క కాదనను. కానీ భూమి కూడా ఇంతే కదా? మా నాన్న 1998లో కొన్న ప్లాటుకు పదేళ్లు ఎవరూ రాలేదు. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది.

కాకినాడ_కౌలుదారు

ఆ పోలికే మనవాళ్లని ముంచుతోందండి. ప్లాటు పట్టా భూమి. ఒకసారి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే మీదే. డొమైన్ ఎప్పటికీ కౌలేనండి. ఓ గడువు దాటితే పోతుంది, పైగా కౌలు ఎంతో చెప్పేది ఆసామి. 2017లో ఒక రిజిస్ట్రీ (ఎక్స్‌టెన్షన్లను నడిపే సంస్థ) తన ఎక్స్‌టెన్షన్లలో కొన్నిటి ధరలు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెంచేసింది. కొన్నిటికి పెంపు 3,000 శాతం దాకా వెళ్లింది. పేర్లు అమ్మే గోడాడీ కంపెనీ ఆ ఎక్స్‌టెన్షన్ల అమ్మకమే ఆపేసింది. డాట్ కామ్ ధరకు ఒప్పందంలో హద్దుంది, కొత్తవాటికి ఆ హద్దు లేదు. ఇక దేశకోడ్ అయితే ఆ దేశం ఇష్టం.

దేశకోడ్‌కి ఇంకో చిక్కండి. డాట్ ఐఓ చూడండి, హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న చాగోస్ దీవులది. వాటిని మారిషస్‌కి అప్పగించే ఒప్పందంపై 2025 మేలో సంతకాలయ్యాయి. ఆ ఎక్స్‌టెన్షన్ ఏమవుతుందోనని దాని మీద బతికే కంపెనీలు కంగారు పడుతున్నాయి. ఆంగ్విల్లాకి అలాంటి తగువేమీ లేదు, నిజమే. కానీ మన పెట్టుబడి ఎక్కడో ఓ దీవి నిర్ణయాల మీద ఆధారపడి ఉందని తెలిసే కొనాలండి.

భూమి మళ్లీ పుట్టదు. ఎక్స్‌టెన్షన్లు పుడుతూనే ఉంటాయి. 2012లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ కొత్తవి పెట్టుకోమని పిలిస్తే ఒక్కో దరఖాస్తుకు లక్షా 85 వేల డాలర్లు పెట్టి మరీ 1,930 దరఖాస్తులు వేశారు. ఈసారి రుసుము 2 లక్షల 27 వేల డాలర్లు, దరఖాస్తులు 2026 ఏప్రిల్ నుంచి. మీ పక్కన ఇంకెన్ని లేఅవుట్లు పడతాయో చూసుకోండి.

విజయవాడ_వకీలు

ఒక మాట అడగాలి. ఆ 22 పేర్లలో ఎవరిదైనా బ్రాండు ఉందా?

నిజాంపేట_నెట్

మూడున్నాయండి. ఒక ఆస్పత్రి గొలుసు పేరు, రెండు నగల దుకాణాలవి. ఎప్పటికైనా వాళ్లే కొనుక్కుంటారని తీసుకున్నాను.

విజయవాడ_వకీలు

అయితే ఆ మూడూ ఇవాళే వదిలేయండి. వాళ్లే కొనుక్కుంటారని తీసుకున్నానన్న ఆ మాటే మీకు వ్యతిరేక సాక్ష్యం. పేరు సొంతదారుకు అమ్మడానికే కొన్నారంటే దురుద్దేశం కిందికి వస్తుంది. డాట్ ఏఐకి కూడా యూడీఆర్పీ, అంటే డొమైన్ తగాదాలు తీర్చే అంతర్జాతీయ విధానం, వర్తిస్తుంది. వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర 1,500 డాలర్లు కట్టి ఫిర్యాదు చేసి గెలిస్తే పేరు వాళ్లకు బదిలీ అయిపోతుంది, మీకు పైసా రాదు. మన కోర్టుల్లోనూ దారి మూసుకుపోయింది. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్కు లాంటి రక్షణే ఉంటుందని తేల్చింది. ఆస్పత్రి పేరైతే మరీ జాగ్రత్త. ఆ పేజీని ఎవరైనా రోగి నిజమైనదనుకుంటే జరిగే నష్టం మీ ఊహకు అందదు.

తెనాలి_పాతకాపు

వకీలు గారు అడగకపోతే ఈ సంగతి బయటికే వచ్చేది కాదు. మంచి పని చేశారు.

ఓరుగల్లు తమ్ముడూ, నీ టూల్ గురించి చదివి సంతోషం కలిగింది. కానీ ఒకటి అడుగుతా. ఆ 40 దుకాణాలవాళ్లు నీ దగ్గరికి డాట్ ఏఐ చూసి వచ్చారా? అదే టూల్ డాట్ ఇన్ మీద పెడితే వచ్చేవాళ్లు కాదా?

ఓరుగల్లు_కోడ్

రాత్రి దీని మీదనే ఆలోచించిన పెద్దాయనా. నిజం జెప్తున్న, వాళ్లు వాట్సాప్ లింకు నొక్కి వస్తరు. సైటు పేరేందంటె సగం మందికి తెల్వదు. డాట్ ఇన్ మీదున్నా వాళ్లొస్తుండె. పేరు నాకు పనికొచ్చింది ఒక్క కాడ: హైదరాబాదుల పెట్టుబడి పెట్టేటోళ్ల ముంగట కూసున్నప్పుడు. ఇది ఏఐ కంపెనీ అని చెప్పే పని తప్పింది.

అంటె ఈ పేరు కావాల్సింది స్టార్టప్ పెట్టేటోనికి, దుకాణంల ఉన్న వాడకందారుకు కాదు. స్టార్టప్‌టోడు రెండు మూడు మాటలు అతికించిన పేరు ఎన్నడు కొనడు, ఒక్క మాటనే కొంటడు. నిజాంపేట అన్నా, నీ దాంట్ల ఒక్క మాటవి ఎన్నున్నయ్?

లెక్కల_లక్ష్మి

వాడకందారు సంగతి వచ్చింది కాబట్టి ఓవర్‌స్టాక్ కథ చెప్పాలి. 2010లో ఆన్‌లైన్‌లో సామాన్లు అమ్మే ఆ అమెరికన్ కంపెనీ మూడున్నర లక్షల డాలర్లు పెట్టి 'ఓ డాట్ కో' (o.co) అనే పేరు కొంది, మరుసటి ఏడాది కంపెనీని ఆ పేరుతోనే పిలవమంది. జనం చేతులు అలవాటుగా డాట్ కామ్ కొట్టేవి. కొన్ని నెలలకే వెనక్కి తగ్గి పాత పేరుకే వచ్చింది. అంత డబ్బున్న కంపెనీయే అలవాటును మార్చలేకపోయింది.

కాకినాడ_కౌలుదారు

ఎక్స్‌టెన్షన్‌కే గౌరవం రావాలంటే కాపలా ఉండాలండి. రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31 లోగా బ్యాంక్ డాట్ ఇన్‌కి మారమంది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాదులో రిజర్వ్ బ్యాంకు పెట్టిన సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే. బ్యాంకు కానివాడికి ఆ పేరు దొరకదు, అందుకే దాన్ని చూసి నమ్మొచ్చు. అలాంటిదాంట్లో మనలాంటివాళ్లు కొని అమ్ముకోవడానికి చోటే లేదు. ఎవరైనా కొనుక్కోగల డాట్ ఏఐ మీద మోసగాడూ ఉంటాడు, మీరూ ఉంటారండి.

నిజాంపేట_నెట్

ఇవాళ కూర్చుని జాబితా తీశాను. బ్రాండ్లవి మూడూ వదిలేస్తున్నాను. అది తప్పని ఇంతవరకూ నాకు తట్టనందుకు బాధగా ఉంది. మిగతా 19లో ఒక్క మాటవి నాలుగే. వాటికి కడతాను, 56 వేలు. రెండు మాటలవి 15 ఉన్నాయి. వాటిలో అద్దె ఇళ్లకు సంబంధించినది ఒకటి మాత్రం వదలబుద్ధి కావడం లేదు. అద్దె ఒప్పందాన్ని తెలుగులో చదివి వివరించే సైటు ఒకటి కట్టాలని దాన్ని కొన్న రోజు నుంచీ ఉంది.

తెనాలి బాబాయ్ గారి మాట ఒక్కటి మాత్రం ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను. మొబీ అనేది ఫోన్‌కి సంబంధించిన మాట. ఏఐ మాత్రం రెండక్షరాల్లో అయిపోయే పొట్టి పేరు. ఆ మోజు పోయినా పొట్టి పేరుకు విలువ ఉండదా?

తెనాలి_పాతకాపు

ఉండొచ్చు. ఆ నాలుగింటికీ రెండేళ్లు కట్టి చూడు, అప్పటికి నేను చెప్పింది తప్పైతే ఇక్కడే ఒప్పుకుంటా. అద్దె ఒప్పందాల సైటు మాత్రం ముందు కట్టు. డాట్ ఇన్ మీద ఓ మూడు నెలలు నడిపి, పది మంది వాడితే అప్పుడు ఆలోచించు.

ఓరుగల్లు_కోడ్

అన్నా, ఇడిచిపెట్టే పేర్లన్నిటికి ఆటో రెన్యువల్ బందు పెట్టినవా? లాగిన్ అయ్యి ఒక్కొక్కటి సూడు. పోయినసారి నేను అయిదిట్ల రెండు మర్శిపోయిన, కార్డు నుంచి 28 వేలు కట్ అయినయ్. అద్దె సైటుకు తెలుగు పీడీఎఫ్ చదివించుడు కష్టమైతె మెసేజ్ పెట్టు, నా బిల్లుల టూల్‌ల రాసిన కోడ్ ఇస్త.