టెక్సాస్ చట్టసభకి ప్రతిసారీ అబార్షనే ముందు పనా?

లిటిల్ ఎల్మ్ శ్రీను:
మొన్న మా వీధిలో పాట్‌లక్ పెట్టుకున్నాం. పులిహోర గిన్నె సగం కూడా ఖాళీ కాకముందే అబార్షన్ మీద గొడవ మొదలైంది. అది తప్పా ఒప్పా అని ఇక్కడ తేల్చమనడం లేదు, మన వల్ల తేలేది కాదు. నేను అడిగేది వేరే. టెక్సాస్ చట్టసభ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జనవరిలో మొదలై 140 రోజులే కూర్చుంటుంది. అంత తక్కువ టైములో ప్రతిసారీ దీనికే పెద్దపీట ఎందుకు?

2021 గుర్తుందా? ఫిబ్రవరిలో మంచు తుపానుకి కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మేం రెండు రాత్రులు పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టుకుని ఉన్న దుప్పట్లన్నీ కప్పుకున్నాం. ఆ మేలోనే గవర్నర్ అబాట్ సెనేట్ బిల్లు 8 మీద సంతకం పెట్టాడు. పిండం గుండె కదలిక తెలిశాక, అంటే దాదాపు ఆరు వారాల తర్వాత, అబార్షన్ కుదరదు. చేసినవాళ్ళ మీద, సాయం చేసినవాళ్ళ మీద ఎవరైనా కేసు వేయొచ్చు, గెలిస్తే కనీసం 10 వేల డాలర్లు. మరుసటి ఏడాది జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో, అబార్షన్‌ని దేశమంతటా హక్కుగా చేసిన 1973 నాటి రో తీర్పును కొట్టేసింది. ఆగస్టు 25 నుంచి ఇక్కడ దాదాపు పూర్తి నిషేధం. డాక్టరుకి యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా. అత్యాచారం కేసులకి కూడా మినహాయింపు లేదు.

ఇంక చేయడానికేముంది అనుకున్నాను. 2025 జూలై 4న గ్వాడలూప్ నది పొంగి, ఆ వరదల్లో 130 మందికి పైగా పోయారు. తర్వాత జరిగిన ప్రత్యేక సమావేశం అజెండాలో 18 అంశాలుంటే, వరద హెచ్చరికల పక్కనే మళ్ళీ అబార్షన్! రెండో ప్రత్యేక సమావేశంలో హౌస్ బిల్లు 7 పాసైంది. అబార్షన్ మాత్రలు తయారుచేసేవాళ్ళ మీద, రాష్ట్రంలోకి పంపేవాళ్ళ మీద లక్ష డాలర్లకి కేసు వేయొచ్చు. డిసెంబర్ 4 నుంచి అమలు.

గుంటూరు బాబాయ్:
శ్రీనూ, పాట్‌లక్‌లో నీతో వాదించింది నేనే కాబట్టి ఇక్కడా నేనే మొదలుపెడతాను. మాది గుంటూరులో లూథరన్ కుటుంబం. కడుపులో ఉన్నది ప్రాణమని నమ్మి పెరిగాను. అలా నమ్మేవాడి దగ్గరికొచ్చి "ఇది పదో నంబరులో పెట్టుకోవచ్చుగా" అంటే ఏం చెప్పమంటావు? నీకు అది ఒక పాలసీ. నాకు ప్రాణం. ప్రాణం కన్నా ముందు ఏ రోడ్డు కాంట్రాక్టు పెట్టాలో నువ్వే చెప్పు.

పైగా నువ్వు సగమే చెప్పావు. పవర్ ప్లాంట్లు చలికి ఆగకుండా చూడాలనే సెనేట్ బిల్లు 3 కూడా ఆ 2021 సమావేశంలోనే పాసైంది. వరద తర్వాత పిల్లల క్యాంపుల భద్రతకి చట్టాలు 2025 సెప్టెంబర్‌లో వచ్చాయి. ప్రసవం అయిన పేద తల్లికి మెడికెయిడ్, అంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా, రెండు నెలలకే ఆగిపోయేది, 2023లో దాన్ని ఏడాదికి పెంచింది ఈ సభే. నాలుగు పొయ్యిల స్టవ్ మీద ఒక్క గిన్నెనే చూపిస్తున్నావు.

డెమొక్రాట్లు మాత్రం తక్కువ తిన్నారా? అబార్షన్ హక్కు బిల్లుని 2022లో అమెరికా సెనేట్‌లో రెండుసార్లు ఓటింగుకి తెచ్చారు. ఫిబ్రవరిలో 46–48, మేలో 49–51. అక్కడ చర్చ ముగించి బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. ఓడిపోతామని తెలిసి కూడా ఎందుకు తెచ్చారంటావ్? నవంబర్‌లో ఎన్నికలు మరి.

వరంగల్ పోరడు:
బాబాయ్, నేను హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్న. ఓటు లేదు, చట్టం మాత్రం నాకూ అంతే. మా ఆవిడకి అయిదో నెల. వచ్చే వారం పెద్ద స్కాన్. అందరూ పాపా బాబా అని అడుగుతున్నరు, నేనేమో రాత్రిళ్ళు కూర్చుని చట్టం చదువుతున్న. 2023 డిసెంబర్‌లో మన డల్లాస్ పక్కన ఒకామె కడుపులో బిడ్డకి ట్రైసోమీ 18 అని, బిడ్డ బతకడం కష్టమయ్యే జన్యు లోపం, తేలింది. అబార్షన్‌కి అనుమతి ఇవ్వమని కోర్టుకి పోయింది. టెక్సాస్ సుప్రీంకోర్టు కాదన్నది. తీర్పు వచ్చేలోపే ఆమె వేరే రాష్ట్రం వెళ్ళిపోయింది. ఆమెకి లాయర్లు ఉన్నరు. నాకేమో ఇక్కడ నుంచి అబార్షన్ కుదిరే న్యూ మెక్సికోల అల్బకర్కీ పది గంటల డ్రైవ్ అని మాత్రం తెలుసు. మా అత్తమ్మకి ఫోన్‌ల ఇవన్నీ చెప్పలేక టెన్షన్.

గుంటూరు బాబాయ్:
అబ్బాయ్, అంతా బాగానే ఉంటుంది. నీ కోసం ప్రార్థన చేస్తాను, వాదన వేరు ఇది వేరు.

పేరు వద్దు:
నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదివి వెళ్ళిపోతాను. ఈ ఒక్కసారికి రాస్తున్నాను.

మా చెల్లికి రెండేళ్ళ కిందట 19వ వారంలో ఉమ్మనీరు పోయింది. ఇద్దరికీ ఎంతో ఇష్టమైన కడుపు, పేరు కూడా అనుకున్నారు. బిడ్డ బతకదని డాక్టరే చెప్పింది. కానీ గుండె ఇంకా కొట్టుకుంటోంది, దీనికి ఇప్పుడు ఏమీ చేయలేం, ఇంటికి వెళ్ళి టెంపరేచర్ చూసుకుంటూ ఉండండి, జ్వరం వస్తే రండి అంది. ఆ డాక్టరు చెడ్డమనిషి కాదు, చెప్పేటప్పుడు మా చెల్లి ముఖంలోకి చూడలేకపోయింది. మూడో రోజు రాత్రి చలి, వణుకు. ఐసీయూలో నాలుగు రోజులు. బతికింది. మళ్ళీ పిల్లలు కావాలంటే కష్టమన్నారు. ఏ ఆసుపత్రో అడగకండి.

బాబాయ్ గారూ, ప్రాణమే ముందు అన్నారు కదా. తల్లికి ప్రమాదం తరుముకొచ్చేదాకా డాక్టరు ఆగక్కర్లేదని స్పష్టంగా రాసిన సెనేట్ బిల్లు 31 ఎప్పుడొచ్చింది? 2025లో. రెండు పార్టీల వాళ్ళూ ఓటేశారు, అబాట్ జూన్‌లో సంతకం పెట్టాడు. అంత సులువైన పనికి 2021 నుంచి నాలుగేళ్ళు పట్టింది. మధ్యలో 2023లో ఒక సమావేశం మొత్తం గడిచింది. ఐర్లండ్‌లో మన బెళగావి అమ్మాయి, పళ్ళ డాక్టరు సవిత, 2012లో ఇలాగే 17వ వారంలో పోయింది. ఆ వార్త చదివినప్పుడు "అయ్యో, అదేం దేశం" అనుకున్నాం మేం. ఆ దేశం 2018లో ఓటు వేసుకుని రాజ్యాంగం మార్చుకుంది. మేం ఉన్న రాష్ట్రం అటువైపు వెళ్ళింది.

గుంటూరు బాబాయ్:
అమ్మా, నిన్న రాత్రే ఇది చదివాను. పొద్దున్నదాకా ఏం రాయాలో తోచలేదు.

ఆ నాలుగేళ్ళకి నా దగ్గర జవాబు లేదు. 31 రాసినాయన, 8 రాసినాయన ఒక్కడే, రాష్ట్ర సెనేటర్ బ్రయన్ హ్యూజ్. అంటే ఎక్కడ తప్పు జరిగిందో ఆయనకీ తెలిసింది. తెలియడానికి ఎంతమంది ఐసీయూకి వెళ్ళాలన్నది నీ ప్రశ్న. నా నమ్మకం మారలేదు. కానీ మినహాయింపు సరిగ్గా రాయకుండా శిక్ష మాత్రం గట్టిగా రాయడం తొందరపాటే, ఒప్పుకుంటున్నాను.

లెక్కల మాస్టారు:
శ్రీను అడిగింది "ఎందుకు ముందు" అని. మీరంతా నైతికత దగ్గరే ఆగిపోయారు, లెక్క ఎవరూ చూడలేదు.

టెక్సాస్‌లో రాష్ట్రవ్యాప్త పదవికి డెమొక్రాట్ గెలిచి 1994 తర్వాత ఇంతవరకు లేదు. రాష్ట్ర దిగువ సభ హౌస్‌లో 150 సీట్లు, చాలావాటిలో నవంబర్ పోటీ పేరుకే. అసలు ఎన్నిక, పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే మార్చి ప్రైమరీలో అయిపోతుంది. 2022 మార్చిలో రెండు పార్టీలకీ కలిపి నమోదైన ఓటర్లలో అయిదో వంతు కూడా రాలేదు. వచ్చేవాళ్ళు ఎవరు? పట్టుదల ఉన్నవాళ్ళు. 2020లో రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ మహాసభ ఎనిమిది ప్రాధాన్యాల జాబితా రాసుకుంది. అందులో అబార్షన్ రద్దు ఒకటి, లైసెన్సు లేకుండా తుపాకీ ఇంకొకటి. 2021లో రెంటికీ చట్టాలొచ్చాయి. కరెంటు గ్రిడ్ ఆ జాబితాలో లేదు, జనం చచ్చాక వచ్చింది. అదీ తేడా బాబాయ్ గారూ. నాలుగు పొయ్యిలు ఉన్నమాట నిజమే, ఏ గిన్నె ఎవరు పెట్టారో చూడాలి.

ఇది మొదట్నుంచీ పార్టీల గొడవ కాదు కూడా. 1967లో కాలిఫోర్నియాలో అబార్షన్ చట్టాన్ని సడలించిన సంతకం రీగన్‌ది. రో తీర్పు 7–2 అయితే, ఆ ఏడుగురిలో అయిదుగురిని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షులు. అటువైపు పెన్సిల్వేనియా గవర్నర్ కేసీ, డెమొక్రాట్, ఆంక్షలు పెట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఇక్కడే బ్రౌన్స్‌విల్ డెమొక్రాట్ సెనేటర్ ఎడ్డీ లూసియో బిల్లు 8కి ఓటేశాడు. ఇప్పుడు ఆ జాతి రెండు పార్టీల్లోనూ దాదాపు కనిపించదు. ప్రైమరీలో మిగలనివ్వరు.

యాష్‌బర్న్ అక్క:
మాస్టారి లెక్కకి మా వర్జీనియా నుంచి ఒక ముక్క. 2023లో గవర్నర్ యంగ్‌కిన్ 15 వారాల పరిమితి అని దానిమీదే ఎన్నికలకి వెళ్ళాడు. సెనేట్ డెమొక్రాట్ల దగ్గరే ఉండిపోయింది, హౌస్ కూడా పోయింది. మా పక్కన రిపబ్లికన్‌కే ఎప్పుడూ ఓటేసే పెద్దావిడ ఆ ఏడు ఇంట్లో కూర్చుంది. కాన్సస్‌లో 2022 ఆగస్టులో ఆంక్షలకి దారి తీసే సవరణని 59 శాతం మంది కాదన్నారు, అది ట్రంప్ గెలిచిన రాష్ట్రం. ఒహాయోలో 2023లో హక్కు గెలిచింది. మిజోరీలో 2024లో ట్రంప్‌కీ ఓటేశారు, అబార్షన్ హక్కుకీ వేశారు. ఫ్లోరిడాలో 57 శాతం వచ్చినా గట్టెక్కలేదు, అక్కడ 60 కావాలి. నెబ్రాస్కాలో మాత్రం 12 వారాల పరిమితి వైపే మొగ్గారు, అదీ చెప్పాలి.

మీకు ఆ దారి లేదు. జనం సంతకాలు పెట్టి ప్రశ్నని బ్యాలెట్ మీదికి తెచ్చే వీలు టెక్సాస్‌లో లేనే లేదు.

అన్నట్టు మా కొత్త లెఫ్టినెంట్ గవర్నర్ గజాలా హష్మీ పుట్టింది హైదరాబాద్‌లో. సెనేటర్‌గా ఉన్నప్పుడు గర్భనిరోధక హక్కు బిల్లు తెచ్చింది ఆవిడే. యంగ్‌కిన్ వీటో చేశాడు.

వరంగల్ పోరడు:
అక్కా, నాకు ఇంకో డౌటు. మన ఇండియాల గర్భస్రావ చట్టం 1971లోనే వచ్చింది. 2021 మార్చిలో సవరించిన్రు, కొందరికి 24 వారాల దాకా, బిడ్డకి పెద్ద లోపం ఉంటే మెడికల్ బోర్డు చూస్తది. ఇక్కడ బిల్లు 8 వచ్చిందీ అదే ఏడాది. అక్కడ ఏ పార్టీ కూడా దీని మీద ఓటు అడగలేదు. మనోళ్ళు తెలివైనోళ్ళా, పట్టనోళ్ళా?

గుంటూరు బాబాయ్:
పట్టనోళ్ళు. ఊళ్ళో ప్రతి స్కానింగ్ సెంటర్ గోడ మీద "లింగ నిర్ధారణ చేయబడదు" అని బోర్డు ఎందుకుంది? ఆడపిల్లలని కడుపులోనే తీసేస్తే 1994లో దానికోసం వేరే చట్టం చేయాల్సొచ్చింది.

పేరు వద్దు:
ఆ బోర్డు ఉన్న సెంటరులో మా చెల్లిని ఇంటికి పంపేవాళ్ళు కాదు బాబాయ్ గారూ.

లెక్కల మాస్టారు:
పోరడికి చిన్న జవాబు. 1971 చట్టం ప్రభుత్వం వేసిన కమిటీ సిఫార్సుతో, జనాభా భయం ఉన్న రోజుల్లో వచ్చింది. స్త్రీ హక్కు అని ఎవరూ ఊరేగింపు తీయలేదు, అందుకే ఎదురు ఊరేగింపూ లేదు. ఇప్పటికీ నిర్ణయం డాక్టరు చేతిలోనే, ఆవిడ చేతిలో కాదు. కాబట్టి మరీ మురిసిపోకు.

లిటిల్ ఎల్మ్ శ్రీను:
2026 మార్చి 3న ప్రైమరీ. టెక్సాస్‌లో ఫలానా పార్టీ అని నమోదు చేసుకోవడం ఉండదు, నమోదైన ఓటరు ఎవరైనా అప్పటికప్పుడు ఒక పార్టీ బ్యాలెట్ తీసుకోవచ్చు. మా వీధిలో ఓటున్న తెలుగు ఇళ్ళు తొమ్మిది. క్రితంసారి మార్చిలో ఎంతమంది వెళ్ళారో అడిగాను. బాబాయ్ ఒక్కడే.

గుంటూరు బాబాయ్:
వెళ్తాను, మళ్ళీ రిపబ్లికన్ బ్యాలెట్టే తీసుకుంటాను. ఈసారి మా అభ్యర్థి మీటింగులో 31 గురించి అడుగుతా, 2023లో ఏం చేశావయ్యా అని. నువ్వు కూడా రా, కార్లో చోటుంది.

వరంగల్ పోరడు:
స్కాన్ గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి. ఆఫీసుకి లీవు పెట్టిన.