అప్‌డేట్: వీఆర్ యాప్‌లో తల తిరగడం తగ్గింది

దూరాన ఉన్న కుటుంబసభ్యులు హెడ్‌సెట్ పెట్టుకుని ఒకేచోట సేదతీరేలా నేను తయారుచేస్తున్న వీఆర్ (వర్చువల్ రియాలిటీ) యాప్‌లో, చూసేవారికి తల ఎందుకు తిరుగుతోందని ఇంతకుముందు అడిగాను. కళ్లకు కనిపించే కదలిక లోపలి చెవికి తెలియకపోవడమే కారణమని మీరు వివరించిన మీదట, జాయ్‌స్టిక్‌తో నడిచే పద్ధతిని పూర్తిగా తీసివేసి, అమ్మనూ నన్నూ యాప్‌లోని రాజమహేంద్రవరం పుష్కర్ ఘాట్ మెట్లపై కూర్చోబెట్టాను. గోదావరి నీటిలోని ప్రతిబింబాలను తగ్గించాక, క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌లో సెకనుకు 72 ఫ్రేములు (చిత్రాలు) నిలకడగా వస్తున్నాయి. అంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 14 మిల్లీసెకన్ల లోపే. సేదతీరేందుకు, నిమిషానికి 6 శ్వాసల లయలో దృశ్యంలోని దీపం వెలుగు పెరిగి తగ్గుతుంది. అయితే అమ్మకు అన్నిటికన్నా నచ్చింది, నేను తల తిప్పగానే యాప్‌లోని నా బొమ్మ కూడా ఆమె వైపు తిరగడం. ముఖకవళికలు లేకపోయినా ఆ తల ఊపు, గొంతు వినిపించే దిక్కు ఎంత దగ్గరితనం ఇస్తాయో అప్పుడే తెలిసింది. హెడ్‌సెట్ బరువుకు ఆమె మెడ నొప్పి పెడుతున్నందున, ప్రస్తుతానికి ఒక్కో సెషన్‌ను 15 నిమిషాలకే పరిమితం చేస్తున్నాను.