మాత్ర పూత వల్ల మగవారి సంతాన సామర్థ్యం తగ్గుతుందా?

గాలివాన: అల్సరేటివ్ కొలైటిస్‌కు (పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు) రెండేళ్లుగా మెసలమైన్ మాత్రలు వాడుతున్నాను. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నా వీర్యకణాల కదలిక తక్కువగా ఉందని పరీక్షలో తేలింది. తప్పు మందుది కాదు, మాత్ర పూతలోని థాలేట్లదని, అంటే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలదని, మిత్రుడు అంటున్నాడు. నమ్మవచ్చా?

మందులపెట్టె: నమ్మవద్దు. థాలేట్లు హాని చేస్తాయని చూపిన ప్రయోగాల్లో ఎలుకలకు పట్టించిన మోతాదెక్కడ, మాత్రకు అంటిన పూత ఎక్కడ? చుట్టూ ఇంత ప్లాస్టిక్ ఉండగా మాత్రనే పట్టుకోవడం ఎందుకు?

తూకంరాయి: పూత పలచనే, కానీ ఈ మాత్రలను రోజూ, ఏళ్ల తరబడి మింగుతారు. మందు కడుపులో కరగకుండా పేగు దాకా చేరాలంటే పూత పగలకూడదు. దాన్ని మెత్తబరచడానికే కొన్నిటిలో డైబ్యూటైల్ థాలేట్ కలిపేవారు. అలాంటి మాత్ర వాడే ఒక వ్యక్తి మూత్రంలో దాని అవశేషం మామూలు కంటే ఎన్నో రెట్లు ఉన్నట్టు 2004లోనే ప్రచురించారు. దాన్ని మందుల్లో వాడవద్దని 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలకు సూచించింది. ఊరికే సూచిస్తుందా?

మందులపెట్టె: ముందుజాగ్రత్త రుజువు కాదు.

తూకంరాయి: మనుషుల్లోనూ చూశారు. మెసలమైన్ వాడే మగవారిని ఆ థాలేట్ ఉన్న మాత్రల నుంచి లేనివాటికి, లేనివాటి నుంచి ఉన్నవాటికి మార్చి పరీక్షించారు. ఉన్నవి వాడినప్పుడు కదలిక తగ్గింది. పాల్గొన్నవారు కొద్దిమందే, ఒప్పుకుంటాను.

మందులపెట్టె: కదలిక కాస్త తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. ఆ మాట చెప్పకుండా భయపెడితే జనం మందే మానేస్తారు. జబ్బు తిరగబెడితే ఎవరిది పూచీ?

చుక్కలవేళ: మా ఇంట్లోనూ పూతనే తిట్టుకున్నాం. తీరా చూస్తే మావారు వాడుతున్నది అదే జబ్బుకు ఇచ్చే మరో మందు, సల్ఫసలజైన్. వీర్యకణాలను తగ్గించేది అందులోని సల్ఫాపిరిడిన్ భాగమే, పూత కాదు. డాక్టరు మందు మార్చాక మూడు నెలలకు సంఖ్య కోలుకుంది.

గాలివాన: పెట్టెలోని కాగితం చదివాను. పూతలో డైబ్యూటైల్ సెబకేట్ అని ఉంది.

తూకంరాయి: అది థాలేట్ కాదు. మీ మాత్ర వరకు నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఆ పేరు అంత చిన్న అక్షరాల్లో ఎందుకుండాలి?

మందులపెట్టె: దానికి నేనూ సరే. ఇంతకీ పరీక్షకు ముందు జ్వరం వచ్చిందా? వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, రెండు నెలల కిందటి జ్వరం వాటికి చేసిన దెబ్బైనా పరీక్షలో బయటపడుతుంది.

గాలివాన: వచ్చింది. వారం రోజులు.