పాత డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోంది, షాపుకి తీసుకెళ్లకుండా ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

ఒంగోలు కుర్రాడు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. నాలుగో తరం ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. నాన్నగారు రోజూ వాడతారు, యూట్యూబ్‌లో ప్రవచనాలు, ఎక్సెల్‌లో పొలం లెక్కలు, అప్పుడప్పుడు మెయిల్, అంతే. ఈమధ్య స్విచ్ వేసి కాఫీ తాగి వచ్చినా ఇంకా ఆ చుక్కలు తిరుగుతూనే ఉంటున్నాయి. మధ్యాహ్నం పూటైతే ఫ్యాన్ పిండిమరలా మోగుతుంది, ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది. దగ్గర్లో షాపులో చూపిస్తే డోర్ కూడా తీయకుండానే "ఫార్మాట్ కొట్టాలి, 800 అవుద్ది, నన్నడిగితే కొత్తది కొనుక్కోండి" అన్నాడు. పోయినేడాది కూడా ఇదే మాట విని ఫార్మాట్ చేయిస్తే రెండు నెలలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. పైగా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న చెల్లి పెళ్లి ఫొటోలు కొన్ని పోయాయి, అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, అంతకుమించి తెలీదు. ఏం చేయమంటారు?

చిట్టి స్క్రూడ్రైవర్:
తమ్ముడూ, నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. మోగి ఆగిపోవడం వేడి వల్ల, నత్తనడక చాలా వరకు డిస్క్ వల్ల. ఫార్మాట్‌తో మొదటిది అసలు తగ్గదు, రెండోది తగ్గినట్టు కనిపిస్తుంది.

ముందు దుమ్ము సంగతి చూడు. ప్లగ్ పీకెయ్యి, స్విచ్ ఆపితే చాలనుకోకు. తర్వాత పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది. డబ్బా వరండాలోకి తెచ్చుకో, లేకపోతే ఆ దుమ్మంతా హాల్లో పడి ఇంకో గొడవ. వెనకవైపు రెండు స్క్రూలు తీస్తే పక్క డోర్ వచ్చేస్తుంది. ప్రాసెసర్ మీద ఫ్యాన్, దాని కింద అల్యూమినియం రేకులు ఉంటాయి కదా, ఆ రేకుల సందుల్లో దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది చూడు. ఫ్యాన్ ఎంత మోగినా గాలి కిందికి దిగదు, ప్రాసెసర్ కాగిపోయి తనను తాను కాపాడుకోవడానికి సిస్టమ్‌ని ఆపేస్తుంది. కొత్త పెయింట్ బ్రష్‌తో మెల్లగా కదిపి బ్లోయర్‌తో ఊదెయ్. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకో, ఆ గాలికి గిరగిరా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, నేను అలాగే రెండు ఫ్యాన్లు తగలేశాను. తడిగుడ్డ వద్దు. ఎస్ఎంపీఎస్ డబ్బా (లోపలికి కరెంటు అందించేది) మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ఛార్జ్ ఉండిపోతుంది. బయటి జాలీలోంచి ఊదితే చాలు.

ఇంత చేసినా వేడి తగ్గకపోతే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి రాసే మందు) ఎండి సుద్దలా అయిపోయి ఉంటుంది. అది మార్చడం కష్టమేం కాదు గానీ ఆ కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, మొదటిసారి అవి సరిగ్గా కూర్చోబెట్టడానికి చెమటలు పడతాయి, తెలిసినవాళ్లని పక్కన పెట్టుకో.

హన్మకొండ టీచరమ్మ:
బాబూ, స్క్రూలు తర్వాత, ముందు ఫొటోలు కాపీ చెయ్యి. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి. డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ అనుకునేవాళ్లు మా స్కూల్లోనే చాలామంది ఉన్నారు. అది కూడా అదే డిస్కే కదా, పోతే రెండూ కలిసే పోతాయి.

కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, వేసి చూడు. నీలంగా "గుడ్" అని వస్తే బతికిపోయావు, పసుపులో "కాషన్" వస్తే డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. అప్పుడు డీఫ్రాగ్ (డిస్క్‌లో చెల్లాచెదురైన ఫైళ్లని సర్దడం) లాంటివి మొదలుపెట్టకు, చచ్చేదాన్ని పరిగెత్తించినట్టవుతుంది.

ఇంకొకటి, నాన్నగారు రోజూ షట్‌డౌన్ చేస్తున్నారనుకుంటాను. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజంగా పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్రే. రీస్టార్ట్ కొడితేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద "అప్ టైమ్" ఎన్ని రోజులుందో చూసి చెప్పు. పక్కనే స్టార్టప్ ట్యాబ్‌లో అక్కర్లేనివి డిజేబుల్ చెయ్యి, యాంటీవైరస్‌ని మాత్రం ముట్టుకోకు. అలాగని రెండు యాంటీవైరస్‌లు ఉండకూడదు, ఒకదాన్నొకటి అడ్డుకుంటూ కూర్చుంటాయి. డబ్బులు కట్టినది లేకపోతే విండోస్‌లో వచ్చే డిఫెండర్ చాలు.

ఒంగోలు కుర్రాడు:
మేడమ్, అప్ టైమ్ రోజుల్లో చూపిస్తోంది! రోజూ రాత్రి ఆపేస్తున్నామనుకుంటున్నాం మేము. రీస్టార్ట్ చేశాక కొంచెం నయం.

ఆదివారం డోర్ తీశాను. మా సిస్టమ్ పూజ గూటి పక్కనే ఉంటుంది, రేకుల నిండా అగరబత్తి బూడిద, దూది నూలు. అడుగున ఎప్పుడో ఎండిపోయిన బల్లి కూడా ఉంది, అమ్మ చూసి ముందు తలస్నానం చేయమంది. చిట్టి అన్న చెప్పినట్టే ఊదాను, ఇప్పుడు ఫ్యాన్ ఉందో లేదో తెలీనంత నెమ్మదిగా తిరుగుతోంది. మూడు రోజులైంది, మధ్యాహ్నం ఒక్కసారి కూడా ఆగలేదు.

కానీ డిస్క్ పసుపు. కాషన్ అని వచ్చింది. ఫొటోలన్నీ ముందే తీసేశాను, థాంక్స్ మేడమ్. ఇంకో తలనొప్పి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది, ఏ సైట్ తెరిచినా "సురక్షితం కాదు" అంటోంది.

పాత మదర్‌బోర్డు:
తేదీకి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, అది మార్చెయ్. తేదీ తప్పుంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి, అందుకే ఆ మెసేజ్. పాతది తీసేముందు ఏ వైపు పైకుందో ఫొటో తీసుకో.

డిస్క్ సంగతికొస్తే 2.5 ఇంచుల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్) ఒకటి, డీడీఆర్3 రకం ర్యామ్ ఇంకో 4 జీబీ కొను. ఈ రెండూ పడ్డాక మీ నాన్నగారు కాఫీ కలుపుకునేలోపే తెరుచుకుంటుంది. ఎస్ఎస్‌డీకి డీఫ్రాగ్ అక్కర్లేదు, దానికి కావలసింది విండోస్ తనే చూసుకుంటుంది.

కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నాలుగో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఎలాగూ కొత్త డిస్క్ వేస్తున్నావు కాబట్టి విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసెయ్, నేను ఇదే వయసు సిస్టమ్‌లో హాయిగా వాడుతున్నాను.

చిట్టి స్క్రూడ్రైవర్:
మదర్‌బోర్డు గారూ, పెద్దాయనకి పదేళ్ల ఎక్సెల్ అలవాటు, మింట్ వేస్తే రోజూ ఫోన్ ఈ కుర్రాడికే వస్తుంది. తమ్ముడూ, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇచ్చే స్కీమ్ ఉంది, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అవ్వొచ్చు. ఈలోపు బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకోమను. ఎస్ఎస్‌డీ బిగించేటప్పుడు ఆ పాత డిస్క్ కేబుల్ పీకెయ్, లేకపోతే విండోస్ బూట్ ఫైళ్లు (సిస్టమ్ మొదలవడానికి కావలసినవి) దాని మీదే పెట్టే ప్రమాదం ఉంది.

ఒంగోలు కుర్రాడు:
ఎస్ఎస్‌డీ ఆర్డర్ పెట్టాను. మింట్ మాట నాన్నగారికి చెప్తే "అందులో నా వేరుశనగ లెక్కలు తెరుచుకుంటాయా?" అని అడిగారు. అమ్మేమో సిస్టమ్‌ని పూజ గూటి దగ్గర్నుంచి జరపమంటోంది, అక్కడ తప్ప ఇంకెక్కడా ప్లగ్ లేదు.